మాజీ సైనికులు మధ్యలో లేవకుండా చూసే మిలిటరీ సీరియళ్లు ఏవి?

ప్రశ్న: "మా నాన్నగారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు. సైన్యం మీద ఏ సీరియల్ పెట్టినా పది నిమిషాలకే లేచిపోతారు. మాజీ సైనికులకు నచ్చే సీరియళ్లు అసలున్నాయా?"

ఉన్నాయండీ. ముందు ఆయన ఎందుకు లేచిపోతున్నారో చెప్తాను. ఏకే-47 మ్యాగజైన్‌లో పట్టేది 30 రౌండ్లు. ఆటోమేటిక్‌లో పెట్టి ట్రిగ్గర్ వదలకపోతే నిమిషానికి 600 చొప్పున మూడు సెకన్లలో ఖాళీ. సీరియల్ హీరో అదే మ్యాగజైన్‌తో పాట అయిపోయేదాకా కాలుస్తాడు. గ్రెనేడ్ పిన్ను పళ్లతో లాగడం ఇంకో వేషం. ఆ పిన్ను కొసలు రెండూ విడదీసి వంచి ఉంటాయి, పంటితో లాగితే పన్నే వస్తుంది. ఇక టోపీ లేకుండా సెల్యూట్. మన ఆర్మీలో తల మీద ఏమీ లేకపోతే సావధాన్‌లో నిలబడతారు, చెయ్యెత్తరు. ఇది తెలుసుకోవడానికి ఒక్క రిటైర్డ్ హవల్దార్‌ని పిలిచి టీ ఇప్పిస్తే చాలు. ఆ ఖర్చు కూడా పెట్టరు.

కాల్పులు ఎంత బాగా తీశారని మనం చూస్తాం. పని చేసొచ్చినవాళ్లు కాల్పులకు ముందూ వెనకా ఏం జరిగిందని చూస్తారు: తుపాకీ ఎవరు తుడిచారు, గుళ్లు ఎవరు మోశారు, రేషన్ అందిందా. ఆ లెక్కన నా మొదటి ఓటు మన దూరదర్శన్‌కే. 1988లో చేతన్ ఆనంద్ తీసిన 'పరమ్ వీర్ చక్ర', అందులోనూ నసీరుద్దీన్ షా వేసిన అబ్దుల్ హమీద్ కథ.

హమీద్ హోదా గమనించండి: కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్. కంపెనీ బట్టలు, రేషన్, సామాన్ల లెక్క చూసే ఉద్యోగం. 4 గ్రెనేడియర్స్ పటాలంలో ఆర్సీఎల్ గన్ (ట్యాంకుల్ని కొట్టే రీకాయిల్‌లెస్ ఫిరంగి) మీద గురి ఉన్న మనిషి కాబట్టి 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో ఆ గన్ బిగించిన జీపులో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులకు ఎదురెళ్లారు. 10వ తేదీన అసల్ ఉత్తర్ పోరులో ప్రాణాలు వదిలారు.

ఆ 106 ఎంఎం గన్ సంగతి తెలిస్తే ఆ కథ ఇంకోలా కనిపిస్తుంది. మామూలు ఫిరంగి పేలితే వెనక్కి తంతుంది. దీనికి ఆ తన్ను ఉండదు. పేలిన గ్యాసులో చాలా భాగం వెనక ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది, గుండు తొడుగు కూడా చిల్లుల చిల్లులుగా ఉంటుంది. రెండు వందల కిలోల గన్‌ని జీపు మీద పెట్టగలిగింది అందుకే. పెద్ద గొట్టం మీద ఒక స్పాటింగ్ రైఫిల్ ఉంటుంది. ముందు దాంతో ఒక రౌండు వేస్తారు. అది వెలుగుతూ పోయి తగిలిన చోట పొగ వదులుతుంది. ఆ పొగ ట్యాంకు మీదే లేచిందా, గురి కుదిరినట్టు. రెండిటికీ నాబ్ ఒకటే, లాగితే చిన్నది పేలుతుంది, నొక్కితే పెద్దది.

అసలు ముప్పు పేల్చాకే మొదలవుతుంది. వెనక్కి కొట్టిన మంట, గ్యాసు కలిసి పొలంలో దుమ్మంతా లేపుతాయి. మేమిక్కడున్నాం అని ఎదుటి ట్యాంకుకి చీటీ రాసి పంపినట్టే. కాబట్టి ఒకటి రెండు గుళ్లు వేసి జీపు చోటు మార్చాలి. ఆ రెండో చోటు ముందే చూసి పెట్టుకోవాలి. గన్ వెనక మనవాడెవడూ నిలబడలేదని ప్రతిసారీ చూసుకోవాలి, నిలబడితే బతకడు. ఒక్కో గుండు సుమారు 17 కిలోలు. జీపుకి కవచం లేదు, ఉన్నది రేకే. ఇదంతా మనసులో పెట్టుకుని చూసేవాడికి వెనక సంగీతం అక్కర్లేదు, జీపు ఒకేచోట ఎంతసేపు ఆగిందన్నదే గుండె పట్టేస్తుంది.

1989 నాటి 'ఫౌజీ' అనగానే అందరికీ షారుఖ్ ఖాన్ గుర్తొస్తాడు. తీసింది రిటైర్డ్ కల్నల్ రాజ్ కుమార్ కపూర్, అందుకే ట్రైనింగ్‌లో కుర్రాళ్ల ఎకసెక్కాలు కుదిరాయి. యుద్ధం కోసం మాత్రం చూడక్కర్లేదు.

బయటి దేశాలవాటిలో అమెరికా మెరైన్లు తమదని చెప్పుకునేది 'జనరేషన్ కిల్'. 2008లో వచ్చింది, ఏడే ఎపిసోడ్లు, 2003 ఇరాక్ దండయాత్ర. రూడీ రేయెస్ అనే మెరైన్ తన పాత్ర తనే వేశాడు. అందులో శత్రువు కంటే ఎక్కువ ఏడిపించేవి రెండు: రాత్రి చూపు పరికరాలకు బ్యాటరీలు, మార్క్-19కి నూనె. మార్క్-19 అంటే బండి మీద బిగించే 40 ఎంఎం ఆటోమేటిక్ గ్రెనేడ్ లాంచర్. దాని బోల్టు బరువైనది, ప్రతి రౌండుకీ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. దానికి ఎల్‌ఎస్‌ఏ అనే చిక్కటి నూనె కావాలి. పైవాళ్లు ఆ నూనె పంపరు. ఎడారి ఇసుక వచ్చి కూర్చుంటుంది. అవసరమైన క్షణంలో గన్ బిగుసుకుపోతుంది. ఇటు నూనె లేక కుర్రాళ్లు తిట్టుకుంటుంటే, అటు సార్జెంట్ మేజర్ మీసాల కొలత మీద అరుస్తుంటాడు. ఇండెంట్ పెట్టి సామాను కోసం ఎదురుచూసిన ఎవరికైనా, ఏ దేశమైనా, అది సొంత కథే.

రెండో ప్రపంచ యుద్ధం మీద తీసిన 'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' గురించి అందరూ చెప్తారు, నేను ఒక్క రెండో ఎపిసోడ్‌తో సరిపెడతాను. నార్మండీలో నాలుగు జర్మన్ 105 ఎంఎం ఫిరంగులు, వాటిమీదికి గుప్పెడు మంది. మెషిన్‌గన్ ఒకచోట నిలబెట్టి ఎదుటివాళ్ల తలలు లేవనీయకుండా ఉంచి, మిగతావాళ్లు కందకం వెంట ఒక్కో ఫిరంగినీ పట్టుకుంటూ పోతారు. పట్టుకున్న ఫిరంగిని పాడుచేయాలంటే తుపాకీతో కాలిస్తే సరిపోదు, గొట్టంలో టీఎన్‌టీ దింపి పేల్చాలి. నటులకు పది రోజుల క్యాంపు పెట్టి నేర్పిన మాజీ మెరైన్ కెప్టెన్ డేల్ డై, కల్నల్ సింక్‌గా తెర మీదా కనిపిస్తాడు.

నవ్వుకోవాలంటే 'మ్యాష్', యుద్ధరంగం దగ్గరి ఆర్మీ ఆసుపత్రి క్యాంపు కథ. మూడేళ్ల కొరియా యుద్ధం మీద 1972 నుంచి 1983 దాకా సాగదీశారని దెప్పిపొడుస్తారు, సాగదీత మాటేమో గానీ హెలికాప్టర్ చప్పుడు వినగానే క్యాంపంతా చేతిలో పని వదిలి పరిగెత్తడం మాత్రం అబద్ధం కాదు. ఆ బెల్ హెలికాప్టర్లకు బయట రెండు పక్కలా స్ట్రెచర్లు కట్టి గాయపడినవాళ్లను తెచ్చేవారు.

డబ్బింగ్ జోలికి మాత్రం పోకండి. సిపాయీ కల్నల్లూ ఒకే గ్రాంథికం మాట్లాడుతుంటే ఎవరు ఎవరికి ఆర్డరిస్తున్నారో బోధపడదు. మీ నాన్నగారికి ముందు 'పరమ్ వీర్ చక్ర' పెట్టండి. 'జనరేషన్ కిల్' పిల్లలు పడుకున్నాకే, బూతులు దండిగా ఉన్నాయి. సబ్‌టైటిల్స్ ఆన్ చేయడం మరవకండి, సగం కథ రేడియో మాటల్లోనే ఉంది.