చిన్న స్థలంలో ఏడాదంతా చూడదగిన చెట్టు: పారిజాతంతో నా అనుభవం

200 గజాల స్థలంలో ఇల్లు పోను మిగిలిన ఖాళీలో, ఏ కాలంలోనైనా చూడముచ్చటగా ఉండే మన నేల చెట్టు ఏదైనా చెప్పమని మీరు అడిగారు. హనుమకొండలోని మా వాకిట్లో 9 ఏళ్లుగా పెరుగుతున్న పారిజాతాన్నే నేను మీకు సూచిస్తాను.

అయితే పారిజాతం ఏడాది పొడవునా పూయదు. శ్రావణంలో మొదలయ్యే పూత కార్తికం వరకు సాగుతుంది. చీకటి పడ్డాక విచ్చుకున్న పూలు తెల్లవారేసరికి రాలిపోతాయి కాబట్టి, మేము రాత్రే చెట్టు కింద ఉతికిన పాత పంచె పరుస్తాము. ఉదయం చూస్తే సగం పూలు బోర్లా పడి, వాటి నారింజ రంగు కాడలు పైకి లేచి, పంచె మీద చిన్న చిన్న దీపాల్లా కనిపిస్తాయి. నేల రాలిన పూలను పూజకు వాడకూడదనే నియమం ఈ పూవుకు లేదు. ఆ కాడలను ఆరబెట్టి వేడినీటిలో వేస్తే చక్కని పసుపు రంగు దిగుతుంది. కుంకుమపువ్వుకు రంగునిచ్చే పదార్థమే ఇందులోనూ ఉంది, పూర్వం పట్టుబట్టలకు ఈ రంగు వేసేవారు.

చలికాలంలో కొమ్మల నిండా బిళ్లల్లాంటి పలుచని కాయలు గుత్తులుగా వేలాడుతాయి. అవి ఎండి గోధుమ రంగుకు తిరిగాక రెండుగా విడిపోతాయి, ఒక్కో సగంలో ఒక్కో గింజ ఉంటుంది. ఆకు గరుకుగా ఉంటుంది, లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలూ తెలుస్తాయి. ఎండాకాలంలో మాత్రం ఆకు చాలావరకు రాలిపోయి చెట్టు బోసిగా ఉంటుంది. అందుకే పక్కనే ఎప్పుడూ పచ్చగా ఉండే నందివర్ధనం ఒకటి పెట్టుకున్నాము. తొలకరి పడగానే పారిజాతం మళ్లీ చిగురిస్తుంది.

నేను చేసిన ఒక పొరపాటు మీరు చేయకండి. ఐదో ఏట కొమ్మలు ప్రహరీ దాటుతున్నాయని ఆషాఢం చివర కత్తిరించాను. మొగ్గలు ఆ ఏటి కొత్త రెమ్మలకే వస్తాయి కాబట్టి ఆ సంవత్సరం పట్టుమని పది దోసిళ్ల పూలు కూడా రాలేదు. ఇప్పుడు కాయలు ఎండిన తరువాత, మాఘంలో, పొడవైన కొమ్మలను మూడో వంతు మేర తీసివేసి చెట్టును 12 అడుగులు దాటనివ్వడం లేదు.

2 అడుగుల గుంత తీసి, మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి, వానాకాలం మొదట్లో నాటండి. నీరు నిలిచే చోటు, పూర్తిగా నీడ పడే చోటు దీనికి పనికిరావు. గింజ నుంచి వచ్చిన మా మొక్క మూడో ఏట పూసింది. వీలుంటే పడకగది కిటికీకి ఐదారు అడుగుల దూరంలో పెట్టండి, ఎందుకంటే దీని పరిమళమంతా రాత్రిపూటే.