నెర్రెలో పుల్ల దించి చూడండి

ప్రశ్న: గుంటూరు శివారులో మాకు 3 సెంట్ల స్థలం ఉంది. నల్లరేగడి. చేతిలో ఉన్నదీ బ్యాంకు ఇచ్చేదీ కలిపినా 20 లక్షలు దాటదు. తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇళ్లు చూసొచ్చిన దగ్గర్నుంచి మావారు "మన మట్టితోనే గోడలు కట్టుకుందాం, ఖర్చు తక్కువ, చల్లగా ఉంటుంది" అంటున్నారు. మా మామయ్యగారికి ఎర్ర ఇటుక తప్ప ఇంకోటి ఇల్లే కాదు. 1,100 చదరపు అడుగులకి గీయించిన ప్లాను జతపరిచాను. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టండమ్మా. ముందు నేల సంగతి చూడండి. మే నెల మధ్యాహ్నం మీ స్థలానికి వెళ్లి, ఏదో ఒక నెర్రెలో కొబ్బరి పుల్ల దించండి. నేను ఇల్లు కట్టుకునే ముందు ఆ పని చేయలేదు. చేసుంటే మోచేతి లోతు దాకా దిగేదని తర్వాత తెలిసింది.

చదివింది సివిల్ ఇంజనీరింగే. అయినా 1994లో గుంటూరులో సొంతిల్లు కట్టేటప్పుడు మేస్త్రి మాటకి తలూపాను. నాలుగడుగులు తవ్వి రాతి పునాది వేసి, "ఏనుగెక్కినా కదలదమ్మా" అన్నాడు. ఏనుగేమీ ఎక్కలేదు. మూడో వేసవికి కిటికీ మూల నుంచి స్లాబు దాకా ఏటవాలుగా పగులొచ్చింది. మా వీధి తలుపు గడియ ఎండాకాలం చక్కగా పడుతుంది, వానలు మొదలైతే పడదు. క్యాలెండరు చూడక్కర్లేదు మాకు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, దాని మీదున్న గోడ కూడా లేచి దిగుతూ ఉంటుంది.

దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు మనలాంటి నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్స్ తయారుచేశారు. సన్నటి గుంత లోతుగా తొలిచి, అడుగున బిందెలా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ బిందె కొలత పైనున్న గుంతకి సుమారు రెండున్నర రెట్లు. మామూలుగా మూడున్నర మీటర్ల లోతు తీసుకుంటారు, ఎందుకంటే అక్కడ నేల తడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. పైన ప్లింత్ బీముకీ (పైల్స్ తలల్ని కలుపుతూ గోడల కింద పోసే కాంక్రీటు దూలం) నేలకీ మధ్య మూడంగుళాల ఖాళీ ఉంచమనండి. వదలకపోతే ఉబ్బిన మట్టి బీమునే ఎత్తేస్తుంది. ఎంత లోతు, ఎన్ని పైల్స్ అన్నది మట్టి పరీక్ష చేయించాకే. పరీక్ష డబ్బు దండగ అనే కాంట్రాక్టరుని మార్చండి.

ఇక మీవారి మోజు సంగతి. బేకర్ ఇంగ్లండు నుంచి వచ్చిన మనిషి, చేతికందే సరుకుతో, చుట్టుపక్కల మేస్త్రులతో కట్టడం ఆయన పద్ధతి. ఆయన పద్ధతే పట్టుకుంటే గుంటూరులో మట్టి గోడ రాదు. రేగడితో గోడ పెడితే ఎండగానే బీటలు వారుతుంది. ఎర్రమట్టి లారీల్లో తోలించుకుంటే ఇక మిగిలేదేముంది? మనకి చేతికందేది ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం బూడిద. దాంతో చేసే ఇటుకకి పొలం పైమట్టి అక్కర్లేదు, బట్టీలో కాల్చే పని లేదు. లోడు దిగగానే రెండు ఇటుకలు తూచి, ఒక రోజంతా నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతుకి మించి పెరిగితే లోడు వెనక్కి పంపేయండి. మామయ్యగారిని దగ్గర కూర్చోబెట్టుకుని తూచండి, ఆయన పట్టు కాస్త సడలుతుంది.

బేకర్ దగ్గర తీసుకోవాల్సింది ర్యాట్ ట్రాప్ కట్టుబడి. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదులుతూ కడతారు. ఇటుక దాదాపు నాలుగో వంతు కలిసొస్తుంది, నడుమ గాలి ఉండడంతో ఎండ తొందరగా లోపలికి దిగదు. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి, బూడిద ఇటుకకి ఆ గుణం ఉంది. మేస్త్రి చేత ముందు నాలుగడుగుల గోడ కట్టించి చూడండి. కరెంటు పైపులు కట్టేటప్పుడే ఆ ఖాళీలోంచి పోవాలి. అంతా అయ్యాక కరెంటాయన సుత్తి తీశాడో, గోడ గుల్లే.

ఇక మీ ప్లాను. 3 సెంట్లంటే సుమారు 1,300 చదరపు అడుగులు. అందులో 1,100 ఇల్లే పరిచేస్తే గాలి ఎటు నుంచి రావాలి? చుట్టూ వదలమన్న ఖాళీ ఏది? హాలు మీ వాళ్లంతా ఒక్కసారే వచ్చినా పట్టేలా గీయించారు. ఏడాదికి ఎన్నిసార్లొస్తారు వాళ్లు? 750కి కుదించండి. ఏ ఇటుకా మిగల్చనంత డబ్బు అక్కడే మిగులుతుంది. వాస్తు ప్రకారం నైరుతిలో యజమాని పడకగది ఉండాలని మామయ్యగారు అన్నారట. మన మే నెలలో పడమటి ఎండ తిన్న గదిలో ఒక్క రాత్రి పడుకున్న యజమాని ఆ మాట అనడు. పడమటి గోడకి బయట మెట్లు పెట్టండి, నీడా అవుతుంది, మామయ్యగారి వాస్తుకి నైరుతిలో బరువూ అవుతుంది.

కింద పల్నాడు నాపరాళ్లు చాలు. డాబా మీద ఏటా మార్చిలో పిడుగురాళ్ల సున్నం కొట్టండి. గోడ పక్కన నీళ్లు నిలవకుండా చుట్టూ గట్టు పోయించండి. వేప మొక్క గోడకి దూరంగా పెట్టండి, రేగడిలో తడి పీల్చేసేది అదే.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి నాలుగడుగులు వచ్చింది. అప్పటి నుంచి గోడ కింద భాగం ఉప్పు పూసి రాలుతోంది. టైల్స్ అతికించేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వద్దు. టైల్స్ వెనక తడి పోయే దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. ప్లాస్టరింగు ఇటుక కనబడే దాకా ఊడగొట్టి, ఒక ఎండాకాలం అలాగే వదిలేయండి. చుట్టాలు ఏమన్నా అననీయండి. ఆ తర్వాత సిమెంటు కాకుండా సున్నం, ఇసుకతో పూయించండి. ఎలాగూ గోడలు తెరిచారు కాబట్టి స్విచ్చి బోర్డులన్నీ ఆ నీటి గుర్తుకి ఒక అడుగు పైకి మార్పించండి.