నారు పోసే రోజు పూత లెక్కలో ఉంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు చికాగో దగ్గర ఉంటారు. బయట నాటేదానికి ఎనిమిది వారాల ముందే ఇంట్లో టమాటా గింజలు వేస్తారంట. నేనూ అట్లే పేపర్ కప్పుల్లో వేసి వంటింటి కిటికీలో పెట్టినాను. మొలకలు దారపు పోగుల్లా సాగి వాలిపోయినాయి. మనకూ అన్ని వారాలు కావాలా?
– ఒక గృహిణి, కడప

జవాబు: వద్దమ్మా, మీకు 25 రోజులు చాలు. వాళ్లది మంచు లెక్క. అక్కడ ఏప్రిల్ చివరి దాకా, ఊరికి దూరంగా అయితే మే మొదట్లో కూడా, తెల్లవారుజామున మంచు గడ్డకట్టే రోజులుంటాయి. ఒక్క రాత్రి అలా గడ్డకడితే టమాటా మొక్క నల్లబడి చచ్చిపోతుంది. అందుకే మే మధ్య దాటాకే బయట నాటుతారు. అక్టోబరుకు మళ్లీ మంచు వచ్చేస్తుంది కాబట్టి ఆ లోపలే కాయ తెంపుకోవాలి. మార్చి మధ్యలోనే ఇంట్లో గింజ వేసేది ఆ తొందర వల్లే. ఇంట్లో 20 డిగ్రీల దగ్గర, లైట్ల కింద నారు మెల్లగా ఎదుగుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

కడపలో డిసెంబరు రాత్రుల్లో కూడా వేడి సాధారణంగా 15 డిగ్రీలకు పైనే. గింజ మొలవడానికి కావలసిన 25–30 డిగ్రీలు ఏడాదిలో చాలా నెలలు మనకు ఊరికే దొరుకుతాయి. వారం లోపు మొలక, 25 రోజులకు నాలుగైదు ఆకుల నారు. ఎనిమిది వారాలు కప్పులోనే ఉంచితే వేరు గుండ్రంగా చుట్టుకుంటుంది, మొగ్గ కూడా కప్పులోనే వస్తుంది. ఆ మొక్కను తర్వాత పెద్ద కుండీలోకి మార్చినా గిడసబారే ఉంటుంది.

మొలక సాగింది వెలుతురు చాలక. వంటింటి వేడి దానికి తోడైంది. గింజ మొలిచేదాకా వంటిల్లు మంచి చోటే. నేల పగిలి తెల్లటి కొంకి కనిపించిన రోజే కప్పులు బయటికి రావాలి, మరుసటి రోజు దాకా ఆగకండి. మిద్దె మీద తూర్పు వైపు పెట్టి మొదటి మూడు రోజులు ఉదయపు రెండు గంటల ఎండ, తర్వాత నాలుగు గంటలు ఇవ్వండి. పిట్టగోడకు ఆనించకండి, మధ్యాహ్నం గోడ సెగకే లేత ఆకు మాడుతుంది. కప్పు అడుగున పెన్సిల్ దూరేంత రంధ్రం, గింజ అర సెంటీమీటరు లోతు, అంతే. ఇప్పటికే సాగిన మొక్కల్ని పారేయకండి. టమాటా కాడ మట్టి తగిలినంత మేరా వేర్లు వేస్తుంది. కింది ఆకులు గిల్లి, పై ఆకుల దాకా లోతుగా పాతితే నిలదొక్కుకుంటాయి.

ప్రశ్న: టమాటాకని ఎకరా పొలానికి డ్రిప్, మల్చింగ్ షీటు వేసినాను. నర్సరీలో కొనకుండా ప్రోట్రేలలో (గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలు) నారు సొంతంగా పెంచుకోవాలని ఉంది. గింజ ఏ కార్తెలో వేయాలి? ఎన్ని ట్రేలు కావాలి?
– ఒక రైతు, పత్తికొండ

జవాబు: పూత ఏ రోజుల్లో రావాలో ముందు తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే గింజ రోజు తేలుతుంది. నాటిన 25–30 రోజులకు పూత, 60–70 రోజులకు తొలి కోత. పగలు 35 డిగ్రీలు, రాత్రి 22–24 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గి పూత పిందె కట్టకుండా రాలుతుంది. మీ వైపు మార్చిలోనే ఆ గండం మొదలవుతుంది.

అన్నిటికన్నా నమ్మకమైంది హస్త కార్తె, అంటే సెప్టెంబరు 27 నుంచి అక్టోబరు 10 లోపు గింజ. అక్టోబరు చివరి వారం, నవంబరు మొదటి వారం నాట్లు, డిసెంబరు మొదటికి పూత, జనవరిలో కోత. ఆలస్యమైనా డిసెంబరు మొదటి వారం దాటనివ్వకండి. చలికి ఆ నారు 28–30 రోజులు తీసుకుంటుంది. జనవరి మొదట్లో నాటితే ఫిబ్రవరి మొదట్లో పూత, ఎండలు ముదిరేలోపు పిందె. వానకారు పంటకు రోహిణి కార్తెలో గింజ వేస్తే మృగశిర దాటేసరికి నారు నాటుకు వస్తుంది. ఆ వేడికి 22 రోజులకే సిద్ధమవుతుంది కూడా. అయితే 35 డిగ్రీలు దాటితే మొలక శాతం పడిపోతుంది కాబట్టి మొలిచేదాకా ట్రేలను నీడగల చల్లటి గదిలో ఉంచండి.

ఇక ట్రేలు. సాలుకు సాలు నాలుగడుగులు, మొక్కకు మొక్క అడుగున్నర అయితే ఎకరాకు 7,260 మొక్కలు. 98 గుంతల ట్రేలు 75 సరిపోతాయనిపిస్తుంది గానీ మొలవనివి, చచ్చేవి, సన్నగా ఉండి తీసేసేవి ఉంటాయి. 85 ట్రేలు పెట్టుకోండి. గ్రాముకు 300 గింజల లెక్కన 28–30 గ్రాముల హైబ్రిడ్ విత్తనం చాలు. అదే నారుమడి మీద పోస్తే 60–80 గ్రాములు పోతుంది. హైబ్రిడ్ గింజ ఖరీదు చూస్తే ట్రేల ఖర్చు అక్కడే తిరిగొస్తుంది. తడిపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ట్రేకు కిలోంబావు లెక్కన 106 కిలోల దాకా పడుతుంది. పిడికిట పట్టి పిండితే రెండు మూడు చుక్కలే రావాలి, ధార కారితే తడి ఎక్కువైనట్టు. మందు, రంగు పూసి వచ్చిన గింజకు మళ్లీ మందు పట్టించకండి. పూయని గింజ అయితే కిలో విత్తనానికి 4 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను ఆపే మేలు శిలీంధ్రపు పొడి) పట్టించండి.

గింజ వేసి పైన పలచగా కోకోపీట్ కప్పాక పదేసి ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథీన్ పట్టా చుట్టండి. ఎక్కువ మంది నారు పాడుచేసుకునేది ఇక్కడే. మూడో రోజు సాయంత్రం నుంచి పూటపూటకూ పట్టా ఎత్తి చూడాలి. పదింట ఒకటి మొలక కనిపించిందంటే అన్ని ట్రేలూ విడదీసి షేడ్ నెట్ కింద పరచాల్సిందే. ఒక్క రోజు మరిచిపోయినా చీకట్లో మొలక రెండంగుళాలు సాగుతుంది. అది మళ్లీ పొట్టిగా కాదు.

పైన 50 శాతం షేడ్ నెట్, చుట్టూ సన్న కళ్ల (40–50 మెష్) నైలాన్ వల మొదటి రోజు నుంచే ఉండాలి. వల అంచును మట్టిలో పూడ్చండి. ఆకుముడత వైరస్‌ను మోసేది తెల్లదోమ. నారులోనే ఆ వైరస్ సోకితే మొక్క పొలంలో ఎన్ని మందులు కొట్టినా కాయదు. పాత టమాటా చేను పక్కనే నర్సరీ పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. నీళ్లు ఉదయం పూటే చల్లండి. సాయంత్రం తడిపితే రాత్రంతా మొదలు తడిగా ఉండి నారుకుళ్లు వస్తుంది. మొదలు దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి మొక్క వాలితే ఆ గుంతల్ని తీసేసి, మిగతావాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిచేలా పోయాలి. 12వ రోజు, 20వ రోజు 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీటికి 3 గ్రాములు. ఆఖరి ఐదారు రోజులు నీళ్లు తగ్గించి, షేడ్ నెట్ కొంచెం కొంచెంగా తీసి ఎండకు అలవాటు చేయండి. దోమ వల మాత్రం తీయకండి. మల్చింగ్ షీటు మధ్యాహ్నం కాలిపోతుంటుంది, నాట్లు సాయంత్రం నాలుగు తర్వాతే. లేత కాడ షీటుకు తగలకుండా రంధ్రం మధ్యలో నిలపండి.

ప్రశ్న: వేసవిలో రేటు ఉంటుందని ఉగాదికి నాటినాము. పూత దండిగా వచ్చి అంతా రాలిపోయింది. ఏం మందు కొట్టాలి?
– ఒక రైతు, గుత్తి

జవాబు: ఏప్రిల్ చివర 40 డిగ్రీల ఎండలో పూత నిలబెట్టే మందు లేదు. ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు 4.5 లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు కలిపి కొడితే కొంత రాలుడు ఆగవచ్చు గానీ చచ్చిన పుప్పొడి బతకదు. మే, జూన్‌లలో రేటు పెరిగేదే అప్పుడు పిందె పట్టించగలిగిన చేలు తక్కువ కాబట్టి. ఈసారి డిసెంబరు మొదట్లో గింజ వేయండి. మార్చి, ఏప్రిల్ కోతలు దక్కుతాయి.

ప్రశ్న: నారు 25 రోజులది అయింది. బోరు మోటారు కాలిపోయి పొలం తడపలేదు. ఇంకో పది రోజులు ఆపవచ్చునా?
– ఒక రైతు, పులివెందుల

జవాబు: 35 రోజుల దాకా ఆపవచ్చు. ఎరువు పూర్తిగా మానేయండి. ఉదయం ఒక్క తడి, అదీ ఆకు కొంచెం వాడుమొహం పట్టాకే. ట్రేలు నేల మీద ఉంటే కింద ఇటుకలో కర్రలో పెట్టి లేపండి. లేకపోతే రంధ్రాల్లోంచి వేరు నేలలోకి దిగి, లాగినప్పుడు తెగుతుంది. మొగ్గ కనిపిస్తే గిల్లేయండి. నాటేటప్పుడు కాడను రెండంగుళాలు లోతుకు దించండి. వంగ మొదలు మీద అంటుకట్టిన నారు అయితే మాత్రం ఆ పని చేయకూడదు, అంటు కలిసిన చోటు మట్టికి పైనే ఉండాలి. మోటారు మీద నమ్మకం లేనివాళ్లు వచ్చేసారి నారును పది రోజుల తేడాతో రెండు విడతలుగా వేసుకోవడం మేలు.

ప్రశ్న: ట్రేలలో కోకోపీట్ పైన తెల్లగా ఉప్పు పేరుకుంటోంది, ఆకు అంచులు మాడుతున్నాయి. తెగులా?
– కళ్యాణదుర్గం నుంచి

జవాబు: తెగులు కాదు, ఉప్పే. బోరు నీళ్ల వల్లయినా కావచ్చు, కడగని కోకోపీట్ వల్లయినా కావచ్చు. రెంటినీ ఈసీ మీటరుతో (ఉప్పు శాతాన్ని చూపే పరికరం) చూడండి, 1 లోపు ఉంటే నారుకు నిశ్చింత. కోకోపీట్‌ను నింపేముందే మంచి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మూడుసార్లు అలా చేయాలి. ఇప్పుడున్న ట్రేలకు ఐదు రోజులకోసారి అడుగు రంధ్రాల్లోంచి నీళ్లు కారేదాకా పోసి ఉప్పును కడగండి. రోజూ పైపైన చిలకరిస్తే నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగులుతుంది. ఆ వారం 19-19-19 ఆపేయండి, అదీ ఉప్పే. వాన నీళ్లు పట్టుకుని ఉంటే నారుకే వాడండి. వాటర్ ప్లాంట్ నుంచి బయటికి వదిలేసే నీళ్లు ఉచితంగా దొరుకుతాయని తెచ్చి పోయకండి, అవి మీ బోరు నీళ్లకన్నా ఉప్పన.