నామినేషన్ ఏసేముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా, అసెంబ్లీకి ఇండిపెండెంటుగ నిలబడ్తనంటున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది, వద్దనెటందుకు రాస్తలేను. మూడు ఎలక్షన్లల వేరేటోళ్ల ఖర్సు లెక్కలు రాసిన, ఎక్కడ దెబ్బ తింటరో తెలుసు గనుక రాస్తున్న.

మాట్లాడే హక్కు ఉన్నంక అభ్యర్థి ఖర్సు మీద 40 లక్షల లిమిట్ ఎందుకని అడిగినవంట. అమెరికాల గిదే వాదన 1976ల బక్లీ కేసుల గెలిచింది, ప్రచారానికి పైసలు పెట్టుడు కూడ మాట్లాడుడే అని అక్కడి సుప్రీంకోర్టు ఖర్సు మీద లిమిట్ కొట్టేసింది, చందాల మీద మాత్రం ఉంచింది. నాకైతె మన పద్ధతే నయమనిపిస్తది, పది మైకులున్నోని ముంగట ఒట్టి గొంతు ఎవలికి ఇనపడ్తది చెప్పు. కానీ మనకాడ లిమిట్ అభ్యర్థికే, పార్టీకి లేదు, అది తప్పే, పార్టీ లేని నీకే ఆ తేడా గట్టిగ తాకుతది.

1996 యాదికుంచుకో. మన నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నిలబడ్డరు, ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన ఊర్ల గోస ఢిల్లీకి ఇనపడాలని శానామంది నామినేషనేసిండ్రు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అప్పుడు డిపాజిట్ 500. ఆ ఏడే దాన్ని 10,000 చేసిండ్రు, ఇప్పుడు 25,000. పేదోడు మాట చెప్పుకునే తొవ్వకు గేటు పెట్టినట్టే అయింది, నాకు ఇప్పటికీ కడుపు మండుతది. నీది అసెంబ్లీ గనుక 10,000.

ఇగ పని మాట. నామినేషన్‌కు కనీసం ఒక్కరోజు ముందే ఎలక్షన్ కోసం వేరే బ్యాంకు ఖాతా తెరువు, మొత్తం ఎలక్షన్ల ఒక్క మనిషికి 10,000 మించి నగదు ఇయ్యకు. దోస్తు టెంటు ఊకెనే ఏసిండని రాయకుంట ఉంటవు, జిల్లా రేట్ల లెక్కన ఎలక్షన్ అధికారుల రిజిస్టర్ల నీ పేరు మీద ఎక్కుతది. నేనొకసారి చాయల లెక్క రేపు రాద్దామని ఇడిసిపెట్టిన, ఖర్సులు చూసే ఎలక్షన్ అబ్జర్వర్ ముంగట మా అభ్యర్థి తల దించుకోవాల్సొచ్చింది, ఆ తప్పు నాదే, అందుకే చెప్తున్న ఏ రోజుది ఆ రోజే రాయి. పాంప్లెట్ మీద అచ్చేసినోని పేరు, ఏయించినోని పేరు ఉండాలె. నీ తరఫున ఎవలన్న సొంత పైసలతోని పోస్టర్లేస్తనంటె ముందుగాల కాయితం మీద పర్మిషన్ రాసియ్యి, లేకపోతె కేసు వాళ్ల మీద పడ్తది. ఓడిపోయినా సరే రిజల్టొచ్చిన 30 రోజులల్ల లెక్క అప్పజెప్పు, లేదంటె మూడేండ్లు పోటీకి పనికిరాకుంట చేస్తరు.

చందాలు దాసిపెట్టకు బిడ్డా. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, ఇచ్చినోని పేరు బయటికి రాకుంట పార్టీలకు చందాలిచ్చే ఎలక్టోరల్ బాండ్లు కొట్టేసింది గీ ముచ్చట మీదనే, ఎవల పైసలతోని నడుస్తున్నరో తెలుసుకునుడు ఓటరు హక్కు, అది కూడ రాజ్యాంగంల మాట్లాడే హక్కునిచ్చే 19(1)(ఎ)లనే ఉన్నదని. అడిగేదాక ఆగకు, ఇచ్చినోళ్ల పేర్లు బోర్డు మీద రాసి ఆఫీసు ముంగట పెట్టు. మొదటి పేరు నాదే రాయి, ఈ ఉత్తరంతోని 5,000 చెక్కు పెట్టిన, రసీదు మర్చిపోకు.

మీ పెద్దనాయిన