ఫ్రెంచ్ బ్రెడ్ కోసం రూ.48,000 ఓవెన్ అవసరమా?

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారి జీతం రూ.65,000, ఇంటి రుణం ఈఎంఐ రూ.22,000. అత్యవసరాలకు బ్యాంకులో రూ.40,000 ఉన్నాయి. పుదుచ్చేరి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి పిల్లలు ఫ్రెంచ్ బ్రెడ్డే కావాలంటున్నారు. వారానికి మూడు తెప్పిస్తున్నాం, ఒక్కోటి రూ.160. అంతకుముందు మామూలు బ్రెడ్‌కు నెలకు రూ.400 అయ్యేది. ఇంట్లోనే చేద్దామని ఓవెన్, స్టాండ్ మిక్సర్ కలిపి రూ.48,000కు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో చూశాను. మా తోడికోడలి ఇంట్లో చిన్న ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసి ఉండేది) ఊరికే ఉంది గానీ, అది సరిపోదేమో. తీసుకోమంటారా?

జవాబు: బ్రెడ్ తప్పకుండా చేయండి. ఆ సెట్ మాత్రం కొనకండి.

ఈ బ్రెడ్‌కు కావలసినవి నాలుగే: మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. పాలు, వెన్న, చక్కెర ఏవీ పడవు. అర కిలో మైదాకు 325 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేస్తే మూడు చిన్న బ్రెడ్‌లు వస్తాయి. ఓటీజీకి అయ్యే యూనిట్, యూనిటుంపావు కరెంటు కలిపినా మూడింటికీ రూ.45 దాటదు.

మిక్సర్ అవసరమే లేదు. రాత్రి గరిటెతో కలిపి మూత పెట్టండి. అరగంటకోసారి తడి చేత్తో పిండిని నాలుగు పక్కల నుంచీ లాగి మడవండి. మూడుసార్లు చేసి ఫ్రిజ్‌లో పెడితే, తెల్లారేసరికి బుడగలతో పొంగి ఉంటుంది. నేనూ ఇంట్లో ఇలాగే చేస్తాను. ఓటీజీలో 250 డిగ్రీల వేడి ఉంటే చాలు. కింద ఇనుప మూకుడు పెట్టి, బ్రెడ్ లోపల పెట్టగానే అందులో అర గ్లాసు మరిగే నీళ్లు పోయండి. గాజు తలుపు మీద చుక్క పడనివ్వకండి, పగులుతుంది. ఆ ఆవిరితోనే పైపెచ్చు కరకరలాడుతుంది. బయటికి తీశాక చల్లారుతూ సన్నగా చిటపటమంటుంది, పిల్లల్ని పిలిచి వినిపించండి.

ఇక లెక్క. ఇప్పుడు బ్రెడ్‌కు నెలకు దాదాపు రూ.2,080 అవుతోంది. ఇంట్లో చేస్తే రూ.200 లోపే. అంటే రూ.7,500 పెట్టి ఓటీజీ కొన్నా నాలుగు నెలల్లో డబ్బు తిరిగొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ అది ఓటీజీ కొనకపోతే బయట తెప్పించడం ఎప్పటికీ మానరనుకుంటేనే. పాత రూ.400తో పోల్చి చూడండి, అదే ఓటీజీ సొమ్ము రావడానికి మూడేళ్ల దాకా పడుతుంది. రూ.48,000 సెట్‌కైతే 20 ఏళ్లు! పిల్లల సరదా ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పలేం కాబట్టి నేను రెండో లెక్కే పట్టుకుంటాను.

నో కాస్ట్ అన్న మాటను కూడా అలాగే నమ్మకండి. వడ్డీ ఉంటుంది, దాన్ని డిస్కౌంట్ రూపంలో తగ్గించి చూపిస్తారంతే. 16 శాతం అనుకుంటే ఏడాదికి వడ్డీ సుమారు రూ.3,900. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే రూ.700, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరు. నగదుకు ఇచ్చే తగ్గింపు కూడా చాలాసార్లు పోతుంది. అన్నిటికన్నా నాకు భయం వేసేది మీ దగ్గరున్న రూ.40,000 చూసి. అది ఇంటి ఈఎంఐ రెండు నెలలు కట్టడానికి కూడా చాలదు. ముందు అది పెరగాలి. బ్రెడ్ మీద మిగిలేదాంట్లో నెలకు రూ.1,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి.

కరెంటు బిల్లు ఒకసారి చూసుకోండి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 యూనిట్లకు రూ.820 చార్జీ పడితే, 201కి రూ.1,028 అవుతుంది. అంచున ఉంటే మూడు బ్రెడ్‌లూ ఒకే విడతలో కాల్చండి.

ముందు మీ తోడికోడలి ఓటీజీని ఓ నెల రోజులు అడిగి తెచ్చుకోండి. నాలుగు ఆదివారాలు వరుసగా చేశాక కూడా పిల్లలు ఇంకా అడుగుతుంటే అప్పుడు నగదు పెట్టి ఒకటి కొనుక్కోండి. తొలి విడతలో ఒక బ్రెడ్ ఆవిడకు పంపడం మరచిపోకండి.