లైనర్ అద్దంలా మెరిస్తే అనుమానించు

అబ్బయా,

లైనర్ లోపలి గోడని రాళ్లతో రుద్దే హోనింగు మిషను బిగించావు గదా, రొయ్యల చెరువుల జనరేటర్లు, చీమకుర్తి క్వారీల కంప్రెసర్లు వరసగా వస్తాయి. లైనర్, అంటే పిస్టన్ ఆడే సిలిండరు గొట్టం, తళతళలాడితే పార్టీ మురుస్తాడు, పిస్టన్ చుట్టూ ఉండే రింగుకి మాత్రం అది చేటు. నున్నటి గోడ మీద ఆయిల్ నిలవదు. పిస్టన్ పైకొచ్చి తిరుగుముఖం పట్టేచోట వేగం సున్నా, ఆయిల్ పొర తెగి ఇనుముకి ఇనుము తగులుతుంది. పాత లైనర్ పైకొసలో గోటితో గీకి చూడు, మెట్టు తగిలేది అక్కడే. ఆ చోట ఆయిల్ దాచేవి హోనింగు రాళ్లు గీసే అడ్డగీతలే.

గీతలు ఒకదాన్నొకటి 45 డిగ్రీల దగ్గర కోసుకోవాలి. 80 మి.మీ. బోరులో, అంటే లైనర్ లోపలి రంధ్రంలో, రాళ్లు బిగించిన హోను నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంటే, 200 మి.మీ. మేర నిమిషానికి 50 సార్లు కిందికీ పైకీ ఆడించు, ఆ కోణం వస్తుంది. చెయ్యి వేగం మార్చకుండా చుట్లు 400 చేశావంటే 23కి పడిపోద్ది. గీతలు అట్టా పడుకుంటే బోరులో ఆయిల్ ఎక్కువ నిలిచి కాలుతుంది, ఇంజను పొగ కక్కుతుంది. మరీ నిలువైతే ఆయిల్ జారిపోయి పిస్టన్ పట్టేస్తుంది.

హోనింగుకి ముందు రంధ్రం కోసే బోరింగులో 0.05 నుంచి 0.08 మి.మీ. హోనింగు కోసం వదిలిపెట్టు. 180 నంబరు రాయితో (నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నన) కోసి, 280తో కొలతకి తేవాలి. రాయి రెండు కొసల్లోనూ పావు నుంచి మూడో వంతు బయటికి రావాలి, లేకుంటే బోరు నడుమ పెద్దదై కొసలు బిగుస్తాయి. ఆఖర్న 600 రాయి, తేలిగ్గా ఐదారుసార్లు, అంతే. గీతల మొనలు తెగాలి, లోయలు మిగలాలి. మొనలుంటే కొత్త రింగుని ఆకురాయిలా తింటాయి. ఎక్కువ రుద్దితే మళ్లీ అద్దమే. ఎమెరీ పేపరుతో గీసిమ్మనే వాళ్లూ వస్తారు, ఒప్పుకోబాక.

అసలు పని కడగడంలో చెడుతుంది. డీజిలుతో తుడిస్తే రాతిపొడి గీతల్లోనే కూచుంటుంది. వేడి సబ్బునీళ్లు పోసి గట్టి బ్రష్షుతో తోమి, ఆరాక ఆయిల్ అద్దిన తెల్లగుడ్డతో తుడువు. గుడ్డకి బూడిదరంగు అంటినన్నాళ్లూ మళ్లీ కడుగు. వెంటనే ఆయిల్ పుయ్యి, సముద్రపు గాలికి తుప్పు ఎంతసేపు?

జనరేటర్ని గంటలకొద్దీ ఖాళీగా ఆడించొద్దని రైతుకి చెప్పు. రింగుని గోడకి నొక్కేది మంట ఒత్తిడే. లోడు లేకపోతే రింగు కూచోదు, ఆయిల్ మాడి గీతల్లో పేరుకుంటుంది. వేడెక్కగానే చెరువులో గాలి కలిపే ఏరేటర్లు సగం తగిలించి నడపమను.