మొదటిసారి క్యామ్ టైమింగ్ పెడుతున్నవాడికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

బైకు ఇంజిన్‌కి బోరు, పిస్టన్, హెడ్ ఎక్కించేశానని, ఇక వాల్వులు తెరిచే క్యామ్‌ని పిస్టన్ కదలికతో కలిపే దగ్గర (అదే టైమింగ్) ఆగిపోయానని రాశావు. ఆగి మంచి పని చేశావు. నీది సింగిల్ సిలిండర్, పైన ఒకే క్యామ్, చైన్ మీద నడిచే ఇంజిన్ కాబట్టి దాని మటుకే చెప్తాను.

ముందు నీ సందేహం తీరుస్తాను. పిస్టన్ పైకొచ్చింది, ఇది కంప్రెషనా (గాలిని నొక్కడం) ఎగ్జాస్టా (పొగ బయటికి నెట్టడం) అని అడిగావు. క్యామ్ బయట ఉన్నంతసేపు ఆ తేడా లేనే లేదు. క్రాంక్ (పిస్టన్ తిప్పే కింది ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఏది కంప్రెషన్ అన్నది నువ్వు క్యామ్ పెట్టే తీరే తేలుస్తుంది. పిస్టన్ పైన ఉన్నప్పుడు క్యామ్ లోబ్‌లు (ఉబ్బెత్తు భాగాలు) రాకర్ల (వాల్వుల్ని నొక్కే మీటల) వైపు కాకుండా పిస్టన్ వైపు తిరిగి ఉండేలా పెట్టావంటే అదే కంప్రెషన్.

క్రాంక్ చివర ఉండే మాగ్నెట్ చక్రం మీద రెండు గీతలుంటాయి. ఒకటి టి, ఒకటి ఎఫ్. ఇంజిన్ నడిచే దిక్కులో తిప్పితే ముందు ఎఫ్ వస్తుంది, అది స్పార్క్ గుర్తు. దాని తర్వాత వచ్చే టి దగ్గరే పిస్టన్ పూర్తిగా పైన ఉంటుంది. చాలామంది ఎఫ్ కనబడగానే ఆగిపోతారు. టి గీతని కూడా గుడ్డిగా నమ్మకు. మాగ్నెట్ కీ (అది క్రాంక్ మీద జరగకుండా పట్టే చిన్న ముక్క) తెగి ఉంటే గీత ఒకచోట, పిస్టన్ మరోచోట ఉంటాయి. ప్లగ్గు తీసి, ఆ కన్నంలో ప్లాస్టిక్ పుల్ల పెట్టి చూడు. పుల్ల పైకి లేవడం ఆగి మళ్లీ దిగబోయే చోటే టి గీత కనబడాలి. క్రాంక్ తిప్పుతున్నంతసేపూ టైమింగ్ చైన్‌ని తీగతో పైకి లాగి పట్టుకో. వదిలేస్తే కింద చిన్న స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) దగ్గర మడతపడి ఇరుక్కుంటుంది. చైన్ కన్నంలో గుడ్డ కుక్కడం మర్చిపోకు. అందులో బోల్టు పడితే కేసు విప్పాల్సి రావచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. చైన్‌కి రెండు వైపులున్నాయి. క్రాంక్ లాగే వైపు ఒకటి, టెన్షనర్ (చైన్ లూజు తీసే భాగం) నొక్కే వైపు ఒకటి. లాగే వైపు కాస్త కూడా లూజు ఉండకూడదు. ఉన్న లూజంతా టెన్షనర్ వైపు చేరాలి. క్యామ్ స్ప్రాకెట్‌ని చైన్‌లో కూర్చోబెట్టేటప్పుడు లాగే వైపు బిగువుగా పట్టి, ఆ తర్వాతే పళ్లు ఎక్కించు. లూజు తప్పు వైపు ఉంటే నీ కళ్ల ముందు గుర్తులు చక్కగా కలిసినట్టే ఉంటాయి. టెన్షనర్ నొక్కగానే క్యామ్ పక్కకి జరుగుతుంది, అప్పటికే నువ్వు మూత వేసేసి ఉంటావు. ఒక్క పన్నే కదా అనుకోకు. స్ప్రాకెట్‌కి 34 పళ్లుంటే ఒక పన్ను అంటే క్యామ్ దగ్గర పదిన్నర డిగ్రీలు, క్రాంక్ దగ్గర 21 డిగ్రీలు.

టెన్షనర్‌లోంచి బయటికి వచ్చే కడ్డీని పూర్తిగా లోపలికి నొక్కాకే బిగించాలి. కొన్నింట్లో వెనక స్క్రూ తిప్పి లోపలికి లాగాలి. కొన్నింట్లో బాడీ బిగించాక స్ప్రింగు, దాని బోల్టు చివర్లో పెట్టాలి. బయటికి పొడుచుకు వచ్చిన కడ్డీతోనే బోల్టులు బిగిస్తే చైన్ మరీ బిగుసుకుని గైడు (చైన్ రాసుకునే పట్టీ) అరిగిపోతుంది. బిగించాక కడ్డీని వదలడం మరిచిపోతే అప్పుడు చైన్ పళ్లు దూకుతుంది.

తర్వాత మాగ్నెట్ నట్టు పట్టుకుని చేత్తో, నడిచే దిక్కులోనే, రెండు చుట్లు నెమ్మదిగా తిప్పు. ఎక్కడైనా గట్టిగా తగిలితే అక్కడే ఆగు, బలం పెట్టకు. అది వాల్వు పిస్టన్‌ని తాకడం కావచ్చు. టి గీత దాటిపోతే కొద్దిగా వెనక్కి తిప్పి సరిచేయకు, లూజు మళ్లీ తప్పు వైపు చేరుతుంది. ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్లీ రా. కొత్త చైన్ మీద రంగు లింకులుంటే అవి రెండు చుట్ల తర్వాత గుర్తుల దగ్గరికి తిరిగి రావు, కంగారుపడకు. చూడాల్సింది స్ప్రాకెట్ గీత, హెడ్ మీది గాటు. కన్ను వాటికి సూటిగా పెట్టి చూడు. వాలుగా చూస్తే లేని తేడా కనబడుతుంది.

గీత సరిగ్గా కలవక కొంచెం వెనకబడితే? ఒక పన్ను ముందుకి, ఒక పన్ను వెనక్కి పెట్టి, ఏది దగ్గరగా ఉంటే అది ఉంచు. హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చెక్కి చదును చేయడం) చేయించినా, చైన్ సాగినా క్యామ్ కాస్త ఆలస్యమవుతుంది. సాగిన పాత చైన్‌నే మళ్లీ వేయడం నాకు నచ్చదు. ఇంజిన్ ఇంత విప్పాక అది కూడా మార్చాల్సిందే.

గుర్తులు అరిగిపోయి అనుమానం మిగిలితే ఇంకో పరీక్ష ఉంది. కంప్రెషన్ నుంచి ఒక చుట్టు తిప్పితే మళ్లీ టి వస్తుంది. అక్కడ ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోబోతూ, ఇన్లెట్ తెరుచుకోబోతూ, రెండూ కొద్దికొద్దిగా లేచి ఉండాలి. క్రాంక్‌ని అటూ ఇటూ కాస్త కదిపితే రాకర్లు రెండూ తరాజులా ఒకటి లేస్తే ఒకటి దిగుతాయి. ఒకటి పూర్తిగా మూసుకుని ఇంకొకటి బాగా తెరిచి ఉంటే పన్ను తప్పింది. తప్పు పన్నుతో కూడా బండి ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, కానీ క్యామ్ ఆలస్యమైతే తక్కువ వేగంలో లాగదు, కిక్‌లో కంప్రెషన్ పలచగా తెలుస్తుంది, కార్బురేటర్‌లోకి తుమ్ముతుంది.

అంతా కుదిరాక స్ప్రాకెట్ బోల్టుల దారాలు నూనె లేకుండా తుడిచి, థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంతే బిగించు. ఆరు మిల్లీమీటర్ల బోల్టులైతే సాధారణంగా పది న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. చేతి అంచనాకి బిగిస్తే బోల్టు మెడ తెగొచ్చు. క్యామ్ లోబ్‌లకి, రాకర్లకి నూనె బాగా పట్టించు. ట్యాపెట్లు (రాకరుకీ వాల్వుకీ మధ్య సందు) చల్లని ఇంజిన్ మీద, కంప్రెషన్ టి దగ్గరే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు)తో పెట్టు. రెండు రాకర్లూ వేలికి టకటకలాడాలి. మూత వేసేముందు కన్నంలో కుక్కిన గుడ్డ తీశావో లేదో చూసుకో. తర్వాత ప్లగ్గు పెట్టకుండానే కొన్ని కిక్‌లు కొట్టు, నూనె పైకెక్కుతుంది.

మీ బాబాయి